ఆరో పన్ను



ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. నాలుక కొనను కింది ముందుపళ్ళ మధ్య సందు దగ్గర పెట్టి, అక్కణ్ణుంచి కుడిపక్కకు ఒక్కొక్క పన్నూ లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. ఒకటి, రెండు, మూడు... ఆరో పన్ను దగ్గర ఆగండి. వెడల్పుగా, పైన గుంటలు గుంటలుగా ఉంటుంది. ఎడమపక్కా, పై దవడలో రెండు పక్కలా కూడా అలాగే చూసుకోండి. నాలుగూ ఉన్నాయా? ఎక్కడైనా నాలుక గుంటలోకి దిగుతోందా? చల్లటి నీళ్ళు తాగితే ఆ వైపు జివ్వుమంటోందా?

ఈ వ్యాసం ముఖ్యంగా ఆ నాలుగు పళ్ళ గురించి. సైన్సు పుస్తకంలో 2, 1, 2, 3 అని దంత సూత్రం చదువుకుంటాం కదా. కుంతకాలు రెండు, రదనిక ఒకటి, అగ్రచర్వణకాలు రెండు, చర్వణకాలు మూడు. ఆ మూడు చర్వణకాల్లో మొదటిదే మన ఆరో పన్ను. పిల్లల్లో శాశ్వత దంతాలన్నిటిలోకీ ముందు పుచ్చేదీ, ముందు పీకించేసేదీ ఇదే.

పాలపన్ను అనుకుంటారు

మనకు మొదట వచ్చేవి 20 పాలపళ్ళు. అవి ఊడిపోయి వాటి చోట కొత్తవి వస్తాయని అందరికీ తెలుసు. చాలామందికి తెలియంది ఒకటుంది. ఆరో ఏడు వచ్చేసరికి, పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు దవడ పళ్ళు వస్తాయి. ఏదీ ఊడలేదు కనుక ఇంట్లో ఎవరూ గమనించరు. వచ్చిందని పిల్లాడికీ తెలియదు. ఆరో ఏట వచ్చే ఆరో పన్ను అని గుర్తుపెట్టుకోండి. పన్నెండో ఏట దాని వెనక ఇంకోటి వస్తుంది. పదిహేడు దాటాక జ్ఞానదంతాలు. అన్నీ కలిపి 32.

ఆరేళ్ళ పిల్లాడికి వెనకపళ్ళు తోముకోవడం చేతకాదు. చిగురులోంచి అప్పుడే పైకొచ్చిన పన్ను పింగాణీ పొర ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పైగా దాని మీద ఉండే గాడులు ఎంత సన్నగా ఉంటాయంటే బ్రష్షు కుచ్చు కూడా వాటి అడుక్కి పోదు. అక్కడ ఇరుక్కున్న తిండి అక్కడే ఉంటుంది. ఎనిమిదికో తొమ్మిదికో పుచ్చు మొదలై, పన్నెండు నిండేసరికి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. అప్పుడు అమ్మ ఆసుపత్రికి తీసుకొస్తుంది. "ఎలాగూ ఊడిపోయే పన్నే కదండీ, తీసేయండి" అంటుంది.

ఆమెది తప్పనలేం, ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంకో సంగతి. అలా వచ్చే తల్లుల్లో చాలామంది ఆ రోజు నాట్లకో, రొయ్యల చెరువు పనికో పోకుండా కూలి వదులుకొని వచ్చినవాళ్ళు. పీకించడం ఒక్క పూట పని. నిలబెట్టాలంటే రెండు మూడుసార్లు రావాలి, ఛార్జీలు పెట్టుకోవాలి, మళ్ళీ కూలి పోగొట్టుకోవాలి. హాస్టల్లో ఉండే పిల్లలకైతే వార్డెన్ గారి అనుమతి, పోయే క్లాసులు, తోడు వచ్చే మనిషి కూడా చూసుకోవాలి. మన ఇళ్ళల్లో పళ్ళు పోవడానికి పుచ్చు ఎంత కారణమో, ఈ లెక్క కూడా అంత కారణమని నా అభిప్రాయం. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా, ఖర్చు లేని రోజుల్లోనే పన్నును ఎలా కాపాడుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక్క పన్ను పోతే ఏమవుతుంది అనకండి. ఖాళీ చోట్లోకి వెనక పన్ను ఒరుగుతుంది. ఎదురు దవడలోని పన్ను ఆనిక లేక కిందికి జారుతుంది. ఒరిగిన పళ్ళ సందుల్లో తిండి ఇరుక్కొని అవీ పుచ్చుతాయి. నమలడం ఒక పక్కకే అలవాటవుతుంది.

ఆర్మీకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది ప్రత్యేకంగా చదవండి. సైన్యం నియామకాల్లో పళ్ళకు కూడా పాయింట్లు ఉన్నాయి. మొత్తం 22, కనీసం 14 ఉండాలి. ముందుపళ్ళకు ఒక్కో పాయింటు, దవడ పళ్ళకు రెండేసి. పై పన్నుకు ఎదురుగా కింద ఆరోగ్యమైన పన్ను ఉంటేనే పాయింటు లెక్కలోకి వస్తుంది. అంటే కింద ఒక ఆరో పన్ను పీకించుకుంటే, పైన దాని జత ఎంత గట్టిగా ఉన్నా రెండు పాయింట్లు పోయినట్టే. రోజూ తెల్లవారుజామున గ్రౌండులో 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్ళు ఈ పాయింట్ల సంగతి కూడా తెలుసుకోవాలి.

పురుగు కాదు, పులుపు

పంటిలో పురుగు ఉంటుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. వాకుడు గింజల పొగ పట్టించి, నోట్లోంచి పురుగులు రాలాయని చూపించేవాళ్ళు తిరునాళ్ళలో, సంతల్లో కనిపిస్తూ ఉండేవారు. రాలేవి గింజల తునకలే తప్ప పురుగులు కావు. అసలు పని చేసేవి కంటికి కనిపించని బాక్టీరియా. పళ్ళ మీద పాచిలో అవి కాపురం ఉంటాయి. మనం తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే అవి దాన్ని తిని ఆమ్లం తయారుచేస్తాయి. పన్ను పైన ఉండే పింగాణీ పొర మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం. ఎముక కంటే గట్టిది. అయినా పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే దానిలోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి పోవడం మొదలవుతుంది.

అయితే నోట్లో లాలాజలం ఊరికే ఉండదు. అరగంట నుంచి గంటలోపు ఆమ్లాన్ని విరిచేసి, పోయిన ఖనిజాలను మళ్ళీ తెచ్చి పంటిలో పెడుతుంది. ఇలా మన నోట్లో రోజంతా కరగడం, చేరడం జరుగుతూనే ఉంటాయి. బ్యాంకు ఖాతాలో వేయడం, తీయడం లాంటిదే. తీసేది ఎక్కువై వేసేది తక్కువైతే ఖాతా ఖాళీ అవుతుంది.

ఖాతా తగ్గిపోతోందని ముందుగా తెలిపే గుర్తు ఒకటుంది. అది నల్లమచ్చ కాదు, తెల్లమచ్చ. చిగురుకు దగ్గరగా, సుద్దముక్కతో గీసినట్టు కాంతి లేని తెలుపు. ఈ దశలో గుంట పడలేదు. ఇక్కడ ఆపగలిగితే పన్ను తనంతట తాను బాగుపడుతుంది. మందు లేదు, మిషను లేదు, సూది లేదు. గుంట పడ్డాక మాత్రం పింగాణీ మళ్ళీ పెరగదు. అందులో ప్రాణమున్న కణాలు లేవు కనుక చర్మం మాదిరిగా మానదు.

ఎంత తిన్నామని కాదు, ఎన్నిసార్లు తిన్నామని

బందరులో పుట్టి తీపి మానమని చెప్పడం నా వల్ల కాదు. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బందరు హల్వా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు తోటలున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! తీపి తినండి. కానీ ఎప్పుడు, ఎలా తింటున్నామన్నది చూసుకోండి.

ఈ విషయం తేల్చిన పరిశోధన స్వీడన్‌లో లుండ్ పట్టణంలోని విపెహోమ్ అనే సంస్థలో 1940ల చివర్లో జరిగింది. అక్కడ ఉన్న మానసిక వికలాంగుల్లో కొందరికి భోజనంతో పాటు తీపి ఇచ్చారు. కొందరికి భోజనాల మధ్యలో పళ్ళకు అంటుకునే టాఫీలు ఇచ్చారు. భోజనంతో తిన్నవాళ్ళలో పళ్ళు అంతగా పాడవలేదు. మధ్యమధ్యలో టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు బాగా పుచ్చిపోయాయి. ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకునే పాఠం అది. కానీ తమ మీద ప్రయోగం జరుగుతోందని కూడా తెలుసుకోలేని, వద్దని చెప్పలేని మనుషుల పళ్ళు పాడుచేసి నేర్చుకున్న పాఠం. అలాంటి ప్రయోగం చేయడం ఈ రోజు నేరం. ఎవరి మీద ప్రయోగాలు జరుగుతాయన్నది మనలాంటివాళ్ళం మరచిపోకూడని విషయం కనుక ఈ మాట కూడా రాశాను.

మన లెక్కకు వద్దాం. భోజనం తర్వాత ఒక లడ్డు తింటే పంటి మీద ఆమ్లం దాడి ఒక్కసారి. అదే లడ్డును చిదిపి పెట్టెలో పెట్టుకొని గంటకో ముక్క నోట్లో వేసుకుంటే దాడి ఆరుసార్లు. రూపాయి చాక్లెట్లు జేబులో వేసుకొని క్లాసులో చప్పరించడం, చదువుకునే వేళ బిస్కెట్లు నమలడం, చక్కెర ఎక్కువేసిన టీ గుక్కగుక్కగా గంటసేపు తాగడం, ఇవన్నీ ఈ రెండో రకమే. తిరునాళ్ళలో కొనే జీళ్ళు అన్నిటికంటే మొండివి. పంటి గాడుల్లో అతుక్కుంటే ఒక పట్టాన వదలవు.

స్కూలు మధ్యాహ్న భోజనంలో 2020లో చేర్చిన వేరుశనగ చిక్కీ సంగతి చాలామంది అడుగుతారు. వేరుశనగలో మాంసకృత్తులున్నాయి, బెల్లంలో కొంత ఇనుము ఉంది. మన పిల్లలకు, ముఖ్యంగా చెల్లెళ్ళకు అది కావాలి. మానొద్దు. అన్నంతో పాటే తినేసి, నాలుగుసార్లు నీళ్ళు పుక్కిలించండి. సాయంత్రానికి దాచుకోకండి, అంతే.

పందుంపుల్ల, కచ్చిక, పేస్టు

మా నాయనమ్మ చివరిదాకా కచ్చికతోనే తోముకున్నది. ఆవిడ పళ్ళు బాగుండేవి కదా అని మీరూ అంటారు. ఆవిడ తిన్న తిండిలో చాక్లెట్టు లేదు, బిస్కెట్టు లేదు. పళ్ళు నిలిచింది తీపి లేకపోవడం వల్ల. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు మురికితో పాటు పింగాణీని కూడా అరగదీస్తాయి. నలభై దాటిన మన పెద్దవాళ్ళను చూడండి. పళ్ళు చిగురు దగ్గర కోసినట్టు అరిగి పచ్చగా కనిపిస్తాయి. చల్లనిది తగిలితే చాలు, జివ్వుమంటుంది.

వేప పుల్ల అంత చెడ్డది కాదు. కొనను బాగా నమిలి కుచ్చులా చేసుకొని మెల్లగా తోమితే పాచి పోతుంది. కానీ వెనక పళ్ళ లోపలి వైపుకి పుల్ల తిరగదు. దానిలో ఫ్లోరైడ్ ఉండదు. పొగాకు కలిపిన పళ్ళపొడులను, పేస్టులను మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఎక్కడైనా అలాంటిది ఎవరైనా ఇస్తే దగ్గరికి కూడా రానివ్వకండి.

ఫ్లోరైడ్ అన్నాను కదా, వెంటనే నల్గొండ గుర్తొచ్చి ఉంటుంది. వంకర తిరిగిన కాళ్ళు, గోధుమరంగు మచ్చల పళ్ళు టీవీలో చూసి "ఫ్లోరైడ్ విషం కదా సార్" అని అడిగే పిల్లలు ఉన్నారు. ప్రశ్న మంచిదే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి శాస్త్రీయ నివేదిక వచ్చింది 1937లో. అది మన తెలుగు నేల గురించే. అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా పల్లెలవి, ఇప్పటి ప్రకాశం వైపు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న ఆ ప్రాంతాలకు, నల్గొండకు పనికొచ్చేలా పటిక, సున్నం వేసి నీటిని తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దాని పేరే నల్గొండ పద్ధతి.

అదే కాలంలో ఇంకో కథ కూడా నడిచింది. అమెరికాలో నీళ్ళలో ఫ్లోరైడ్ కొద్దిగా ఉన్న ఊళ్ళలో పిల్లల పళ్ళు తక్కువ పుచ్చుతున్నాయని గమనించి, 1945లో గ్రాండ్ రాపిడ్స్ అనే నగరం తాగునీటిలో లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము కలపడం మొదలుపెట్టింది. పుచ్చు బాగా తగ్గింది. మన దేశ ప్రమాణాల్లో తాగునీటికి ఒక మిల్లీగ్రాము మంచిదని, ఒకటిన్నర దాటకూడదని ఉంది. ఉప్పుతో పోల్చుకోండి. చిటికెడు కావాలి, గుప్పెడు పనికిరాదు. మన కింది కృష్ణా డెల్టాలో తాగేది ఎక్కువగా కాల్వ నీళ్ళు, కాల్వతో నింపిన చెరువు నీళ్ళు. భూమిలో ఉప్పునీరు కనుక బోరు మీద ఆధారపడేది తక్కువ. నదీజలాల్లో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. కాబట్టి మనకు పంటికి కావలసినంత ఫ్లోరైడ్ పేస్టులోంచే అందాలి. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం పేస్టు మింగకుండా ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి.

మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదని నిబంధన. కొనేటప్పుడు డబ్బా మీద 'ఫ్లోరైడ్' అన్న మాట ఉందా అని చూడండి. మూలికల పేస్టులు చాలావాటిలో ఉండదు. బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా పెడితే కంపెనీకి లాభం. తోమాక ఉమ్మేయండి, నీళ్ళతో పదిసార్లు పుక్కిలించకండి. నోట్లో మిగిలిన ఆ కాస్త ఫ్లోరైడే రాత్రంతా పనిచేస్తుంది. కరుగుతున్న పంటిలోకి ఖనిజాలు తొందరగా చేరేలా చేస్తుంది. అలా చేరిన పొర మునుపటి దానికంటే ఆమ్లానికి బాగా తట్టుకుంటుంది.

ఇక వేళ. హాస్టల్లో తెల్లవారితే కొళాయిల దగ్గర వరుస. బ్రష్షు నోట్లో పెట్టుకొని కబుర్లాడుతూ అరగంట తోముతాం. రాత్రి మాత్రం స్టడీ అవర్ అవ్వగానే చాప పరిచేస్తాం. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రాత్రి తిన్న తిండి పళ్ళ మీద ఉంటే ఏడెనిమిది గంటలు దానిదే రాజ్యం. ఒక్కసారే తోమే ఓపిక ఉంటే ఆ ఒక్కసారీ రాత్రే తోమండి అంటాను నేను. తోటి డాక్టర్లు కొందరు ఈ మాటకు నవ్వుతారు, రెండుపూటలా చెప్పాలి అంటారు. రెండుపూటలా తోమితే మరీ మంచిదే. కానీ మన హాస్టళ్ళలో రాత్రిపూట కొళాయి దగ్గర ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

బ్రష్షును తడితడిగా ట్రంకు పెట్టెలో పెట్టి మూయకండి, గాలి తగలనివ్వండి. ఒకరిది ఒకరు వాడకండి. కుచ్చులు వంగిపోతే, లేదా మూడు నెలలకోసారి మార్చండి.

స్పూను, టార్చి లైటు

నెలకో ఆదివారం పెద్ద తరగతుల వాళ్ళు చిన్న తరగతుల పిల్లల పళ్ళు చూడండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక్కొక్కరికి ఒక కడిగిన స్టీలు స్పూను, ఒక టార్చి లైటు లేదా ఫోను లైటు ఉంటే చాలు. స్పూను కాడతో బుగ్గ పక్కకు లాగి, ఆరో పన్నును శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచి చూడండి. తడిమీద తెల్లమచ్చ కనిపించదు, పొడిగా ఉంటేనే కనిపిస్తుంది. గాడుల్లో నలుపు ఉందా, అంచు విరిగిందా, చిగురు మీద చిన్న చీముపొక్కు ఉందా అన్నవి నోటుపుస్తకంలో పేరుకు ఎదురుగా రాయండి. గుండుసూదితో, పిన్నుతో గుచ్చి చూడకండి. బాగుపడగలిగిన తెల్లమచ్చ గుచ్చితే గుంటైపోతుంది. ఒకసారి చెయ్యి తిరిగితే యాభైమందిని ఒక పూటలో చూసేయొచ్చు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లల్లో చూడవలసిన 30 రకాల సమస్యల జాబితా ఉంది. పుచ్చు పళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి. స్కూలుకు ఆరోగ్య బృందం వచ్చినప్పుడు బరువు, ఎత్తు చూపించుకొని వచ్చేయకండి. ఆ నోటుపుస్తకం వాళ్ళ చేతిలో పెట్టండి.

మిషను లేకుండా వైద్యం

పళ్ళ డాక్టరంటే గుయ్ మనే మిషను, సూది గుర్తొచ్చి చాలామంది రారు. ఒకప్పుడు వైద్యం కూడా అలాగే ఉండేది. వందేళ్ళ కిందట అమెరికాలో జి.వి. బ్లాక్ అనే పెద్దాయన పుచ్చు ఉన్నంతమేరే కాక, రేపు పుచ్చడానికి అవకాశమున్న గాడులన్నీ కలిపి వెడల్పుగా తొలిచి లోహం నింపాలని సూత్రం పెట్టాడు. ఆ రోజుల్లో ఉన్న సామగ్రి పంటికి అతుక్కునేది కాదు. పడిపోకుండా ఉండాలంటే అలా తొలవక తప్పేది కాదు. కానీ తొలిచిన ప్రతిసారీ పన్ను సన్నబడుతుంది. ఫిల్లింగు కొన్నేళ్ళకు పోతుంది, మళ్ళీ ఇంకొంచెం తొలుస్తారు, ఆఖరికి గోడలు విరుగుతాయి.

1955లో బ్యూనోకోర్ అనే శాస్త్రవేత్త దారి మార్చాడు. లోహం మీద రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని విని, పంటి మీద అదే ప్రయత్నించాడు. పింగాణీ గరుకై రెజిన్ గట్టిగా అతుక్కుంది. దాన్నుంచి పుట్టిందే సీలెంట్. పుచ్చని ఆరో పన్ను గాడుల్ని పల్చటి పూతతో మూసేయడం. ఇంటి డాబా మీద బీటల్లో సిమెంటు పాలు పోసినట్టు. తొలచడం లేదు, నొప్పి లేదు, ఒక్కో పన్నుకు కొన్ని నిమిషాలు. ఆరు, ఏడేళ్ళ వయసులో ఆరో పన్నుకు, పన్నెండు పదమూడేళ్ళప్పుడు ఏడో పన్నుకు వేయించడం సరైన అదను. ఇంట్లో మీ చెల్లికో తమ్ముడికో ఆరేళ్ళు ఉంటే ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మతో చెప్పండి.

గుంట పడినవాళ్ళకు కూడా దారి ఉంది. 1980ల మధ్యలో టాంజానియాలో, కరెంటు లేని పల్లెల్లో, చిన్న చేతి పరికరాలతో మెత్తబడిన పుచ్చును మాత్రం గీకి తీసేసి, గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు వేలితో నొక్కి నింపే పద్ధతి మొదలైంది. ఈ సిమెంటు పంటికి దానంతట అదే అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. ఎక్కువమందికి మత్తు సూది కూడా అవసరం ఉండదు. 1994లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి నోటి ఆరోగ్యం అంశంగా తీసుకున్న ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. నాగాయలంక, కోడూరు వైపు స్కూలు వరండాలో బల్ల వేసి చేయగలిగిన వైద్యం ఇది. పేదవాళ్ళ కోసం చేసిన నాసిరకం పని అనుకోకండి. తక్కువ తొలచాలన్న ఈ పద్ధతినే ఇప్పుడు పెద్ద పెద్ద దంత వైద్య కళాశాలల్లో కూడా నేర్పుతున్నారు.

మూడోది సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. ఇది చుక్కల మందు. పుచ్చు మీద రాస్తే బాక్టీరియా చచ్చి, పుచ్చు అక్కడికక్కడ గట్టిపడి ఆగిపోతుంది. రాసిన చోట పుచ్చు భాగం నల్లబడుతుంది. ముందుపళ్ళకు ఇష్టపడరు గానీ, వెనక పంటికి నలుపైతే ఏం? జపాన్‌లో 1970ల నుంచి వాడుతున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నీ, గ్లాస్ అయనోమర్ సిమెంటునూ, ఫ్లోరైడ్ పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. డాక్టరు గారి దగ్గర ఈ మూడు మాటలూ అడగడానికి సిగ్గుపడకండి. "సార్, తొలవకుండా ఆపే మందు ఏమైనా ఉందా?" అంటే చాలు.

నొప్పి మొదలయ్యాక

చల్లనికి జివ్వుమని వెంటనే పోతే లోపలి నరం ఇంకా బతికే ఉందని అర్థం. మామూలు ఫిల్లింగుతో బాగుపడే అవకాశముంది. వేడికి పోటు పుట్టి చాలాసేపు ఉంటే, రాత్రి పడుకుంటే పెరుగుతుంటే, నరం దెబ్బతింది. అప్పుడు రూట్ కెనాల్ చేయాలి. లోపలి నరం తీసి, శుభ్రం చేసి, మూసేసి, పైన క్యాపు వేస్తారు. పన్ను మన పన్నే, వేళ్ళతో సహా దవడలో ఉంటుంది. ప్రైవేటులో ఖర్చు వేలల్లో అవుతుంది. కానీ విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో ప్రైవేటు దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలల్లో విద్యార్థులు తమ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కనుక బయటికంటే తక్కువలో అయిపోతుంది. టైము మాత్రం ఎక్కువ పడుతుంది. వేసవి సెలవుల్లో పెట్టుకోండి. మొదట చూపించడానికి బందరు పెద్దాసుపత్రి, గుడివాడ ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. ఓపీ చీటీ రాయించేటప్పుడు "పన్ను తీయించుకోవాలి" అని చెప్పకండి, "పన్ను చూపించుకోవాలి" అని చెప్పండి.

లవంగ నూనె దూదితో పెడితే నొప్పి కాసేపు తగ్గుతుంది, ఆ కాసేపటిలో ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి బిళ్ళను నలిపి చిగురు మీద పెట్టకండి, చిగురు కాలిపోతుంది. బుగ్గ వాస్తే కాపడం పెట్టకండి. వాపు దవడ కిందికి, గొంతు వైపుకి దిగి, మింగడం కష్టమై, జ్వరం వస్తే అర్ధరాత్రయినా సరే వార్డెన్ గారిని లేపండి. అది ప్రాణం మీదికి వచ్చే వాపు.

చిగుళ్ళ గురించి రెండు మాటలు. తోమితే రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తారు. పాచి ఉండడం వల్లే రక్తం వస్తోంది కనుక అక్కడే మెత్తటి బ్రష్షుతో మెల్లగా తోమాలి. వారం, పది రోజుల్లో తగ్గకపోతే గార పట్టినట్టే, క్లీనింగు చేయించాలి. క్లీనింగు చేయిస్తే పళ్ళు కదులుతాయన్న మాట అబద్ధం. చిగురు ముందే దిగజారి ఉంటుంది. ఆ సంగతి కనపడకుండా గార కప్పి ఉంచుతుంది. గుట్కా, ఖైనీ సంగతి పొడుగ్గా రాయను. అలవాటున్నవాళ్ళు మీ మూడు వేళ్ళు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చివరగా కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్ళకు. దెబ్బ తగిలి శాశ్వత దంతం వేరుతో సహా ఊడి పడితే పారేయకండి. దాన్ని మళ్ళీ అదే చోట పెట్టి బతికించవచ్చు. తెల్లటి భాగాన్ని పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు, రుద్దొద్దు, సబ్బు వద్దు. మట్టి అంటితే నీళ్ళతో కొన్ని సెకన్లు కడిగి, వీలైతే అప్పటికప్పుడే ఆ గుంటలో పెట్టి మెల్లగా గుడ్డ కొరికిపట్టమనండి. అది చేతకాకపోతే గ్లాసులో పచ్చిపాలో, కాచి చల్లార్చిన పాలో పోసి అందులో వేయండి. మంచినీళ్ళలో వేయకండి, వేరు మీది కణాలు చనిపోతాయి. అరగంటలో డాక్టరు చేతికి చేరితే మంచిది. గంట దాటితే అవకాశం తగ్గుతూ పోతుంది, అయినా తీసుకెళ్ళండి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల తయారవుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. మెస్సులో పొద్దున టీకి తెచ్చిన పాలు ఏ వేళ వరకు మిగులుతాయో వంటమాస్టారిని అడిగి తెలుసుకొని ఉంచండి.